ఒత్తు మొక్కలు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు. పొద్దున నేను స్నానం చేసొచ్చేసరికి అత్తమ్మ మేడ మీద నా పచ్చ బీట్రూట్ మొలకలు పీకేసి కొంగులో పోసుకుని దిగుతోంది.

(పచ్చ అంటే ఆకుపచ్చా, పచ్చిదా అని మా ఆయన మళ్లీ మొదలుపెట్టకుండా చెప్తున్నా: పసుపుపచ్చ. కోస్తే చేతులకు ఎరుపు అంటదు.)

ప్యాకెట్లో 30 గింజలు. రాత్రంతా నానబెట్టి, అరంగుళం లోతులో పెడితే 12 రోజులకు మొలిచింది 9 చోట్ల. ఎర్రదానికంటే ఇది తక్కువే మొలుస్తుందని తెలిసే కొన్నాను, అయినా ఆ ఖాళీలు చూస్తే కడుపు మండింది. మొలిచిన చోట మాత్రం మూడేసి, నాలుగేసి. ఒక్క గింజ అనుకునేది నిజానికి అతుక్కుపోయిన నాలుగైదు గింజల ముద్ద. పాలకూరదీ అదే జాతి, పక్కపక్కన పెడితే ఏ గింజ ఏదో నేనే పోల్చలేను.

"పాలకూర అనుకున్నవా అత్తమ్మా?"

"పాలకూర కాడ గింత పసుపుంటదా? నాకెరుకనే. గుంపుగ ఉంటే గడ్డ ఊరదు బిడ్డా."

పీకినందుకు కాదు, ఒక్క మాట అడగనందుకు కోపం. పైగా వాటిని పప్పులో వేసింది! నేను రెండుసార్లు వడ్డించుకున్నాను, బాగుందని మాత్రం అనలేదు.

మా నాయినమ్మ కూడా ఇంతే. జొన్నచేనులో వంగి ఒత్తు మొక్కలు పీకుతూ పోతుంటే, ఆరేడేళ్ల నేను వెనకాలే వాటిని ఏరుకుని గట్టు పక్కన వరసగా నాటేదాన్ని. పుల్లతో గుంత, మొక్క, మట్టి, మళ్లీ గుంత. మధ్యాహ్నానికి అన్నీ వాలిపోయేవి. ఒకరోజు ఏడుస్తుంటే నాయినమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. తాను తాగడానికి తెచ్చుకున్న చెంబులో నీళ్లు వాటి మీద పోసి, మళ్లీ పీకడానికి వెళ్లిపోయింది. అవి బతకలేదు.

అత్తమ్మ చేసింది తప్పేం కాదులే. వారం నుంచి నేనే పీకాల్సింది, చేతులు రాక వాయిదా వేశాను. కానీ అడగొచ్చు కదా? అడిగితే వద్దనేదాన్ని, అది వేరే సంగతి.

ఇందాక ఫోన్ లైటు వేసుకుని మేడెక్కాను. నీళ్ల ట్యాంకు పక్క కుండీలో అత్తమ్మ కంట పడకుండా ఇంకా రెండు మొలకలు మిగిలాయి, ఒకదాన్నొకటి ఆనుకుని. సన్నదాని మొదట్లో గోరు పెట్టి, తీసేసి, కిందికొచ్చాను.