దెబ్బ తగిలాక పది సెకన్లు

పిల్లలు ఫలానా యాక్షన్ థ్రిల్లర్ చూస్తామని అడిగితే పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే ప్రశ్న ‘రక్తం ఎక్కువుందా?’ అనే. మొదట్లో నా లెక్కా అదే. పిల్లల కోసం సినిమాలు ముందుగా చూసిపెట్టడం అలవాటయ్యాక ఆ లెక్క మారింది. ఇప్పుడు నేను చూసేది దెబ్బ తగిలాక వచ్చే పది సెకన్లు. కెమెరా కింద పడ్డవాడి దగ్గర ఆగుతుందా, కొట్టినవాడి వెంట వెళ్లిపోతుందా? పడ్డవాడికి నొప్పి పుట్టినట్టు తెలుస్తుందా? ఆ క్షణాన సంగీతం ఎవరి పక్షాన ఉంది? పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు ఒక సినిమా తగునా కాదా అన్నది నాకు చాలావరకు అక్కడే తేలుతుంది.

రెండు గంటల పది నిమిషాల సినిమాకు ఈ పని మొత్తం మూడున్నర గంటలు పడుతుంది. అరగంట వాకబుకు, సినిమా మొత్తం ఒకసారి చూడటానికి, మిగతాది బరువైన సీన్లు మళ్లీ చూడటానికి.

వాకబు సర్టిఫికెట్‌తో మొదలుపెడతాను. భారత్‌లో చాలాకాలం అందరికీ ఇచ్చే ‘యూ’, పెద్దలకే ఇచ్చే ‘ఏ’ సర్టిఫికెట్ల మధ్య యూఏ అని ఒకే మెట్టు ఉండేది. ఎనిమిదేళ్ల వాడికీ పదిహేనేళ్ల వాడికీ అదే గుర్తు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దాన్ని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విడదీశారు. ఓటీటీలకు ఈ విభజన 2021 నాటి ఐటీ నిబంధనలతోనే వచ్చింది. యూఏ 13+, ఆపై స్థాయి వాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఉండాలన్నదీ ఆ నిబంధనల్లోదే. అయితే యూఏ గుర్తు పెద్దలకు ఇచ్చే సూచన మాత్రమే, ఎవరినీ తలుపు దగ్గర ఆపదు. ‘ఏ’ సర్టిఫికెట్ అయితే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదన్నట్టే. బ్రిటన్‌లో 15, 18 గుర్తులున్న సినిమాలకు ఆ వయసు రాని పిల్లల్ని అమ్మానాన్న వెంట ఉన్నా లోపలికి రానివ్వరు. అమెరికాలో ‘ఆర్’ సినిమాకు పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దలతో కలిసి వెళ్లొచ్చు. ఒకే సినిమాకు ఈ మూడు చోట్లా ఏమిచ్చారో పక్కపక్కన రాసుకుంటాను. మూడూ దగ్గరగా ఉంటే సరే. బ్రిటన్‌లో 18, అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకు గట్టి హెచ్చరిక) అని ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే, తరచుగా వెర్షన్ వేరై ఉంటుంది.

వెర్షన్ తేలిగ్గా పట్టుకునే దారి నిడివి. సర్టిఫికెట్‌లో 2 గంటల 18 నిమిషాలనీ, యాప్‌లో 2 గంటల 24 నిమిషాలనీ ఉంటే ఆ ఆరు నిమిషాల్లో ఏముందో తెలిసేదాకా ముందుకెళ్లను. థియేటర్ కోసం కోసిన ముక్కలు అక్కడ తిరిగి అతికి ఉండొచ్చు. అటుపక్క కొన్ని పాత డీవీడీలు, టీవీ ప్రసారాలు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. 24 ఫ్రేములతో తీసిన రెండు గంటల సినిమా వాటిలో 115 నిమిషాలకే అయిపోతుంది. అది వేగం తేడా, కోత కాదు.

రేటింగ్ దగ్గరే ఆగకపోవడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో పీజీ-13 వచ్చింది 1984లో. ఎక్కువ వసూళ్లు చేసిన సినిమాలను తీసుకుని చేసిన ఒక పరిశీలన 2013లో ‘పీడియాట్రిక్స్’ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చింది. 1985తో పోలిస్తే పీజీ-13 సినిమాల్లో తుపాకీ హింస మూడింతలు దాటిందని, 2012కి వచ్చేసరికి ఆర్ సినిమాలను కూడా మించిపోయిందని అందులో తేలింది. ఇది జరిగే తీరు అర్థం చేసుకోవడం కష్టం కాదు. రేటింగ్ ఇచ్చేటప్పుడు పైకి కనిపించే గాయం, రక్తం ఎక్కువ బరువు తూగుతాయి. అందుకని రక్తం తీసేసి తూటాలు ఉంచేస్తారు. నలభై మంది నేలకూలతారు, ఒక్కరి చొక్కా తడవదు. ప్రసార మాధ్యమాల పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్ ఈ రకాన్ని ‘హ్యాపీ వయొలెన్స్’ అన్నారు: చకచకా జరిగిపోతుంది, నొప్పి ఉండదు, పని అవుతుంది, చివరికి అంతా శుభం. చిన్న సర్టిఫికెట్‌తో వచ్చే ఈ నొప్పిలేని హింస విషయంలోనే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. గాయాన్ని చూపించి, దాని బరువు మోయించే సినిమాకు పెద్ద సర్టిఫికెట్ వస్తుంది. అయినా పదహారేళ్ల పిల్లలతో కూర్చుని చూడటానికి చాలాసార్లు అదే మెరుగు.

బ్రిటన్ సెన్సార్ సంస్థ ప్రతి సినిమాకూ ఎందుకు ఆ గుర్తు ఇచ్చిందో కొన్ని వాక్యాల్లో రాస్తుంది. నాకు బాగా పనికొచ్చేది అదే. సినిమాల వివరాలిచ్చే వెబ్‌సైట్ ఐఎండీబీలో పేరెంట్స్ గైడ్ ప్రేక్షకులు రాసేది కాబట్టి ‘సివియర్’, ‘మోడరేట్’ లాంటి మాటలు వదిలేసి జరిగిన పనులు మాత్రమే ఏరుకుంటాను: కట్టేసి కొట్టడం, వేలు నరకడం, ఆత్మహత్య, బలవంతం. ట్రైలర్‌ను బట్టి మాత్రం ఏమీ తేల్చను. పెద్దలకు తీసిన సినిమా ట్రైలర్‌ను కూడా అందరూ చూసేలా కత్తిరిస్తారు.

చూసేటప్పుడు నోట్‌బుక్‌లో ఆరు గడులు గీసుకుంటాను. నిమిషం, ఎవరు ఎవరిని, దేనితో, తెర మీద నిజంగా కనిపించింది ఏమిటి, ఆ తర్వాత పది సెకన్లు, సంగీతం. నాలుగో గడి దగ్గర చాలామంది పొరబడతారు. గొంతు కోసినట్టు గుర్తుంటుంది, వెనక్కి తిప్పి చూస్తే కనిపించింది మొహం మాత్రమే. అందుకే సినిమా అయ్యాక అన్నిటికంటే బరువైన మూడు సీన్లు తీసుకుని ఒకసారి శబ్దం ఆపేసి, ఇంకోసారి కళ్లు మూసుకుని వింటాను. ఎముక విరిగిన చప్పుడు స్టూడియోలో సెలరీ కాడలు విరిచి పుట్టిస్తారు, చెవికి మాత్రం అది ఎముకే. శబ్దం తీసేస్తే సగం సీన్లు తేలికపడతాయి. కొన్ని మాత్రం తలకిందులవుతాయి. వెనక ఎలివేషన్ మ్యూజిక్ పోగానే ఇందాక ఈల వేయాలనిపించిన ఫైట్, లొంగిపోయినవాణ్ణి చంపడంగా మిగులుతుంది. అలాంటి సీన్ పక్కన చుక్క పెడతాను.

చుక్కలు పడేచోట్లు ఇంకా ఉన్నాయి. ఎదురు తిరగలేని మనిషిని హింసించడం నిమిషం దాటి సాగితే ఒకటి. హీరోకు కోపం తెప్పించడానికి మాత్రమే మొదటి ఇరవై నిమిషాల్లో ఒక స్త్రీని చంపడం, చెరచడం ఇంకొకటి. ఇది తెర మీద కనిపించలేదు కాబట్టి గైడ్లలో ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. కానీ కథంతా దాని మీదే నడుస్తుంది, ఆమెకు మాత్రం పది మాటలుండవు. విలన్లందరికీ ఒకే యాస, ఒకే వేషం ఉంటే దాని పక్కనా చుక్కే. అంతరిక్ష తుపాకి కంటే ఇంట్లో దొరికే వస్తువుతో చేసిన దాడి నాకు ఎక్కువ బరువు, ఎందుకంటే అనుకరించడానికి అది చేతికందేది. మంచివాడు చెడ్డవాణ్ణి హింసించి నిమిషంలో నిజం కక్కించే సీన్ అయితే దాదాపు ప్రతి థ్రిల్లర్‌లోనూ ఉంటుంది. గూఢచార సంస్థ సీఐఏ హింసాత్మక విచారణ పద్ధతులపై అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2014లో విడుదల చేసిన నివేదిక, సమాచారం రాబట్టడానికి ఆ పద్ధతులు పనికొచ్చే మార్గం కాలేదని తేల్చింది. ఈ ముక్క పెద్ద పిల్లలకు చెప్తే ఆ సీన్‌ను వేరే కళ్లతో చూస్తారు.

హింసకు ఫలితం చూపిస్తే చాలు కదా అని కొందరంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1965లో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగంలో, బొమ్మను కొట్టిన పెద్దమనిషికి శిక్ష పడటం చూసినవాళ్లు తక్కువగా అనుకరించారు. చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే ఆ తేడా పోయింది. అంటే శిక్ష చూపించడం చేతిని ఆపింది కానీ నేర్చుకోవడాన్ని ఆపలేదు. వాళ్లు బడికింకా వెళ్లని పిల్లలు, టీనేజ్ వాళ్లకు అదంతా నేరుగా వర్తించదు. కానీ చివర్లో విలన్ చస్తాడు కాబట్టి పర్వాలేదు అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోకపోవడానికి అది చాలు.

తర్వాత వయసు. పదమూడేళ్ల పిల్లలకు రాక్షసులు, పేలుళ్లు పెద్ద సమస్య కావు. నిజంగా జరగగలిగేవే వాళ్లను వెంటాడతాయి: ఇంట్లోకి చొరబడటం, కిడ్నాప్, అమ్మానాన్నలు చనిపోవడం. పదిహేను దాటాక భయం తగ్గి హీరోను ఆదర్శంగా తీసుకోవడం పెరుగుతుంది. అందుకే పదమూడేళ్ల వాళ్ల కోసం నోట్‌బుక్ చూసేటప్పుడు నాలుగో గడి, పదహారేళ్ల వాళ్లకైతే ఐదు, ఆరు గడులు ముందు చదువుతాను. వయసు ఒకటే అయినా ఇటీవల దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, ప్రమాదం చూసినవాళ్లు, రాత్రుళ్లు సరిగా నిద్రపట్టనివాళ్లు ఉంటే లెక్క వేరు. ఆ ఫైట్‌ను ఫోన్లో ముక్కలుగా ఇప్పటికే చూసేశారా అని కూడా అడుగుతాను. చూసి ఉంటే కథ లేని ఆ ముక్క కంటే మొత్తం సినిమా కలిసి చూడటమే నయం.

నిర్ణయం నాలుగు మాటల్లో ఏదో ఒకటి: వాళ్లే చూడొచ్చు, నాతో కలిసి, ఫలానా వయసొచ్చాక, వద్దు. మూడు చుక్కలు పడితే ‘నాతో కలిసి’ అన్నదానికి తక్కువ ఉండదు. స్త్రీ మీద బలవంతాన్ని గానీ చిత్రహింసను గానీ వినోదంగా చూపించినట్టయితే ఒక్క చుక్కకే వద్దంటాను. వద్దన్నప్పుడు కారణం సీన్ పేరుతో చెప్తాను. ‘హింస ఎక్కువ’ అంటే పిల్లలు వినరు, నిజానికి అందులో వినడానికేమీ లేదు. ‘కట్టేసినవాణ్ణి నాలుగు నిమిషాలు కొడతారు, సినిమా దాన్ని సరదాగా చూపిస్తుంది’ అంటే వాదిస్తారు, కానీ ఆలోచిస్తారు.

పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడేది రిమోట్ దగ్గర. కష్టంగా ఉన్న సీన్లు ముందుకు జరిపేస్తే సరిపోతుందని అనుకుంటారు. అలా జరిపేసేవి ఏవి? గాయపడ్డవాడు విలవిల్లాడేది, చచ్చినవాడి ఇంట్లో ఏడుపు. మిగిలేవి హుషారైన ఫైట్లు. హింసకు ఖరీదు చూపించే భాగాలన్నీ తీసేసి హింసను మాత్రం ఉంచినట్టవుతుంది. కాబట్టి చూస్తే మొత్తం చూడాలి, లేదా అసలు వద్దు. ఇంకో పొరపాటు, పదహారేళ్ల వాళ్ల కోసం పెట్టిన సినిమాను అదే గదిలో తొమ్మిదేళ్ల తమ్ముడు చూసేయడం. ఓటీటీలో పిల్లల ప్రొఫైల్‌కు వయసు పరిమితి పెట్టి పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టకపోతే ఆ పరిమితికి అర్థం లేదు. ఆటోప్లే కూడా ఆపేస్తాను, సినిమా అవగానే తర్వాత ఏది మొదలవుతుందో మన చేతిలో ఉండదు.

కలిసి చూసేటప్పుడు ఒక దీపం వెలిగే ఉంటుంది, శబ్దం మాట్లాడుకునేంత స్థాయిలో ఉంటుంది. ఎవరైనా కారణం చెప్పకుండా ఆపమనొచ్చు. మధ్యలో పాఠాలు చెప్పను. మాటలు మర్నాటికి. భుజంలో తూటా దిగినా హీరో అదే చేత్తో వేలాడాడు కదా, భుజంలో ఏముంటాయి? చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం, నరాల గుంపు అక్కడినుంచే వెళ్తాయి. సైలెన్సర్ పెడితే పక్క గదికి వినపడదా? మామూలు పేలుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, సైలెన్సర్ తగ్గించేది ఇరవై ముప్పై మాత్రమే. తల మీద కొడితే గంటసేపు పడి, లేచి పరిగెత్తినవాడి సంగతేమిటి? అంతసేపు స్పృహ లేదంటే మెదడుకు తగిలింది చిన్న గాయం కాదు. ఇలాంటివి అడిగితే పిల్లలే మిగతా సీన్లు ఏరి తెస్తారు. చివర్లో ఒకటి అడుగుతాను: గేటు దగ్గర చచ్చిపోయిన కాపలావాడు ఏం తప్పు చేశాడు? వాడి మొహం గుర్తుందా?

రెండో భాగం వచ్చినప్పుడు మొదటి భాగం నోట్సు పనికిరాదు. సీక్వెల్స్‌లో ఫైట్లు ఒక మెట్టు పెంచడం మామూలే. మళ్లీ సర్టిఫికెట్, నిడివి, కొత్త పేజీలో ఆరు గడులు.