ఉండి ఉండి ఆగిపోయే కారు: నోటుబుక్కులో మూడు నెలలు

ముందు బండి సంగతి. శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల, టాపు తీసేసే కారు. 1,149 సీసీ రెనో ఇంజిను, 60 హార్స్‌పవర్ అటూ ఇటూగా. స్పోర్ట్స్ కారన్న మాట దాని వాలకానికే గాని వేగానికి కాదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆపితే ఆటోవాళ్లు చుట్టూ చేరి "ఇదేటి బాబూ, ఏ దేశం బండి?" అంటారు. మన దేశందే అంటే ఒక్కడూ నమ్మడు.

నేను కొన్నది విశాఖలో, బీచి ఎదురుగా ఉన్న ఒక అపార్ట్‌మెంటు సెల్లారులోంచి. కవరు కింద ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంది. బాడీ ఫైబర్ కాబట్టి తుప్పు బాధ లేదని మురిసిపోయి కొన్నాను. పట్టాల్సిన తుప్పంతా వైర్ల కొసల్లో పట్టిందని ఇంటికి తెచ్చాక తెలిసింది.

రోగాలు మూడు. ఒకటి, ఓ ఇరవై నిమిషాలు నడిచాక ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోతుంది, పది నిమిషాలు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. రెండు, కుడి ఇండికేటర్ వేస్తే పెట్రోలు ముల్లు దాంతోపాటు తాళం వేస్తుంది. మూడు, వారం రోజులు కదపకపోతే సెల్ఫ్ కొట్టదు. మెకానిక్కు ముందుకి తీసుకెళ్తే మాత్రం మూడూ మాయం. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయే పిల్లాడి తీరు.

జూన్ 7. నోటుబుక్కు మొదలుపెట్టాను. ఆగిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయాలని నియమం: ఎక్కడ, ఎండా వానా, ఎంతసేపు నడిచాక, ఏమేం ఆన్‌లో ఉన్నాయి, మళ్లీ ఎంతసేపటికి లేచింది. ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు ఎలా పడింది అన్న ఆరోదాన్ని తర్వాత కలిపాను. అదెందుకో కింద చెబుతాను.

జూన్ 15. ఇండికేటర్ రోగంతో మొదలుపెట్టాను, ఇది కనీసం పిలిస్తే పలుకుతుంది కాబట్టి. ఫైబర్ బాడీతో ఒక చిక్కుంది. మామూలు కార్లో బాడీ అంతా ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి; ఎక్కడో ఒక స్క్రూ బిగిస్తే పని అయిపోతుంది. ఇందులో ప్రతి దీపానికీ, ప్రతి మీటరుకీ ఎర్త్ వైరు వెనక్కి, ఇనుప చట్రం దాకా నడిచి రావాలి. డాష్‌బోర్డు కింద ఆ ఎర్త్ వైర్లన్నీ ఒక లగ్గులో, అంటే వైరు కొసకి వేసే లోహపు బిళ్లలో, కలుస్తున్నాయి. మల్టీమీటరుతో చూశాను, దారి తెగలేదన్నట్టు కుయ్‌మంది. కరెంటుకి ఎంత అడ్డు ఉందో కొలిచే ఓమ్స్‌లో పెట్టాను, 0.4. బాగానే ఉందని రాసుకుని మూసేశాను. ఆ ఒక్క గీతకి రెండు వారాలు బలి.

జూన్ 29. సాలూరు వెళ్లాను. కొత్త జిల్లాలు వచ్చాక అది పార్వతీపురం మన్యంలోకి పోయింది గాని, లారీ పనంటే మాకు ఇప్పటికీ సాలూరే. మా పెదనాన్న లారీలు నడిపిన రోజుల నుంచీ తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, డెబ్భై దాటాయి. నా మీటరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"ఖాళీ గోని లేపడానికి దారప్పోగు సాలు బాబూ. అందులో బియ్యమెయ్యి, అప్పుడు లేపు. ఆ పోగు బలమేటో తెలుస్తాది. నీ మీటరు ఖాళీ గోని లేపతంది."

ఆయన దగ్గరున్న సరంజామా ఒక 55 వాట్ల హెడ్‌లైటు బల్బు, రెండు వైర్లు, రెండు మొసలి క్లిప్పులు. అంతే. ఒక క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి, రెండోది నేను "బాగుంది" అని రాసుకున్న ఆ లగ్గుకి తగిలించాడు. బల్బు కాస్త మసగ్గా, నిద్రమొహంతో వెలిగింది. అదే బల్బు నేరుగా బ్యాటరీ మైనస్‌కి పెడితే కళ్లు చెదిరాయి.

జరిగిందేమిటంటే, ఓమ్స్ చూసేటప్పుడు మీటరు పంపే కరెంటు మిల్లీఆంపియర్లలోనే ఉంటుంది. పది పోగుల వైర్లో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా ఆ కాస్త కరెంటు దాటిపోతుంది. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అక్కడ ఆ ఒక్క పోగు బండారం బయటపడుతుంది. పైగా నా మీటరు తీగలు రెండూ కలిపి పట్టుకుంటేనే 0.3 చూపిస్తుంది. కుయ్‌మనే సెట్టింగయితే మరీ అన్యాయం, చాలా మీటర్లు 30 ఓమ్‌లున్నా కుయ్‌మంటాయి.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "మీ పెదనాన్నకి నా పేరు సెప్పు" అన్నాడు.

జూలై 1. ఇంట్లో అదే పని మీటరుతో, కానీ సరైన పద్ధతిలో. వోల్టుల్లో పెట్టి, నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ ఆ ఎర్త్ లగ్గు మీద. కుడి ఇండికేటర్ ఆన్. 0.9 వోల్టులు, టిక్కుమన్నప్పుడల్లా ఎగురుతూ. మంచి ఎర్త్ అయితే అక్కడ 0.1 దాటకూడదు. లెక్క కూడా సరిపోయింది: రెండు 21 వాట్ల బల్బులు మూడున్నర ఆంపియర్లు లాగుతాయి, 0.9ని దానితో భాగిస్తే 0.26 ఓమ్. నా మీటరు తన సొంత తీగల్లోనే కలిపేసుకున్న అంకె అది! పెట్రోలు మీటరూ అదే లగ్గు మీద ఆధారపడింది కాబట్టి, కాళ్ల కింద నేల ఊగినప్పుడల్లా ముల్లు ఊగింది.

వైరు తొడుగు చీల్చి చూస్తే లోపల రాగి ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది, లగ్గు నుంచి జానెడు దూరం దాకా. గీకి అతికించే ప్రయత్నం చేయకండి, చిలుం పట్టిన రాగికి సీసం అంటుకోదు. మంచి రాగి తగిలేదాకా కోసేయాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు నేరుగా చట్రానికి లాగాను. చట్రం మీద పెయింటు ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, పైన వాజలైన్ రాశాను. ఇప్పుడు 0.04. ముల్లు కదలడం లేదు. ఇన్సులేషన్ టేపు మాత్రం వాడలేదు. మన ఎండలకి అది ఒక్క వేసవిలో జిగురుకారి ఊడిపోతుంది. వేడికి ముడుచుకునే స్లీవే నయం.

ఇక పెద్ద రోగం.

ఇందులో నేను చేసిన తెలివితక్కువ పని ముందు ఒప్పుకోవాలి. జూన్ చివర్లోనే, వేడెక్కితే ఆగిపోతోందంటే, ఇంజిను తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సరే అని నలుగురూ అన్నారని కొత్తది తెప్పించి మార్చాను. పదకొండు రోజులు బండి ఆగలేదు. మా ఆవిడకి చెప్పి పాయసం కూడా చేయించాను. పన్నెండో రోజు నెల్లిమర్ల రోడ్డులో ఆగింది. సెన్సరు మార్చేటప్పుడు వైర్ల కట్ట మొత్తాన్ని అటూ ఇటూ జరిపాను కదా, ఆ కదలికకి ఎక్కడో లూజు కాంటాక్టు తాత్కాలికంగా సర్దుకుందన్నమాట.

జూలై 13. నోటుబుక్కు తిరగేశాను. ఇప్పటికి తొమ్మిదిసార్లు ఆగింది. ఏడుసార్లు ఎండలోనే. వానలో ఒక్కసారీ లేదు. హెడ్‌లైట్లు, ఫ్యాను ఆన్‌లో ఉన్నప్పుడు ఇంకా త్వరగా. ఆర్పీఎం ముల్లు సంగతి కూడా ఇక్కడే. పెట్రోలు అందక ఆగే ఇంజినయితే ముల్లు నీరసంగా దిగుతుంది, బండి గేరులో దొర్లుతున్నంతసేపూ ఏదో ఒక అంకె చూపిస్తుంది. నాది బండి 40లో దొర్లుతుండగానే ఠక్కున సున్నాకి పడింది. అంటే పోయింది పెట్రోలు కాదు, కరెంటు. లేదా సెన్సరు నుంచి వచ్చే సంకేతం. ఈ రెండింటినీ విడదీయాలి.

జూలై 20. రెండు చిన్న 5 వాట్ల బల్బులు, పొడుగు వైర్లతో డాష్‌బోర్డు మీదికి తెచ్చాను. ఒకటి ఇంజిను కంప్యూటరుకి కరెంటు ఇచ్చే మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) దగ్గర నుంచి, రెండోది పెట్రోలు పంపు నుంచి. ఒక్కో వైరుకీ మొదట్లోనే చిన్న ఫ్యూజు పెట్టాను, అది మరిచిపోవద్దు. ఎల్ఈడీలు వద్దు, వోల్టేజి సగానికి పడినా అవి నవ్వుతూనే ఉంటాయి, మామూలు బల్బయితే మసకబారి చెబుతుంది. ఇంజిను తిరగడం లేదని అనిపిస్తే కంప్యూటరే పంపుని ఆపేస్తుంది కాబట్టి, పంపు బల్బు ఒక్కటే ఆరితే సెన్సరు వైపు వెతకాలి. రెండూ ఆరితే కరెంటే రావడం లేదు.

మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి, టాపు తీసి, మిట్టమధ్యాహ్నం గజపతినగరం రోడ్డెక్కాను. వాడి పని ఒక్కటే, బల్బుల మీంచి చూపు తిప్పకూడదు. ఇరవై రెండో నిమిషంలో అరిచాడు: "బావా, రెండూ మసకేసిపోయాయి... పోయాయి!" చింతచెట్టు కింద ఆపి ఇద్దరం ఎగిరి గంతేశాం. చెట్టు కింద మేకలు కాస్తున్న ముసలాయన ఆగిపోయిన కారు చుట్టూ చిందులేస్తున్న మమ్మల్ని చూసి మేకల్ని కాస్త అవతలికి తోలుకున్నాడు.

జూలై 21. రిలే మీద అనుమానం. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ అడిగి తెచ్చి, ఇంజిను నడుస్తుండగా రిలే చుట్టూ వేడి ఊదాను, అవతల పెట్రోలు వాసన లేదని చూసుకున్నాకే. మీటరు ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్లది రిలే నుంచి కరెంటు బయటికి వచ్చే 87 నంబరు పిన్ను మీద. చల్లగా ఉన్నప్పుడు 0.3 వోల్టులు. నాలుగు నిమిషాల్లో 1.1, ఆ తర్వాత 2.6, ఆనక ఇంజిను ఆగింది. ఇన్నాళ్లకి ఇంట్లో, నీడలో, నా ఇష్టప్రకారం ఆగింది.

కొత్త రిలే వేసి మళ్లీ ఊదాను. మళ్లీ ఆగింది. అంటే రిలే కాదు, అది కూర్చునే బేసు. పీకి చూస్తే పాత రిలేకి బ్యాటరీ కరెంటు తెచ్చే 30 నంబరు పిన్ను నీలంగా కమిలి ఉంది, బేసులో దాని గుంట చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగు తిరిగింది. అదే వెడల్పున్న, 6.3 మిల్లీమీటర్ల విడి పిన్ను ఒకటి తీసుకుని ఒక్కో గుంటలో గుచ్చి లాగి చూశాను. మిగతావన్నీ గట్టిగా పట్టుకున్నాయి. 30లో మాత్రం జారిపోయింది. ఒకప్పుడెవరో స్టీరియో ఆంప్లిఫయరుకి కరెంటు కావాలని, రిలే పిన్ను పక్కనే మెలిపెట్టిన వైరు దూర్చి, మళ్లీ రిలే కుక్కారు. దాంతో లోపలి రేకు నోరు తెరుచుకుపోయింది. వదులుగా ఉన్నచోట వేడి, వేడికి రేకు ఇంకా వదులు, ఇలా ఒకదానికొకటి ఎగదోసుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. వానలో ఆగకపోవడానికి కారణం అదే.

బేసు, టెర్మినల్, స్లీవు కలిపి 140 రూపాయలు. అనవసరంగా మార్చిన సెన్సరు ఖరీదు రాయను, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

ఆగస్టు 10. బ్యాటరీ దిగిపోవడం. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటరుని ఆంపియర్ల సెట్టింగులో పెట్టాలి. అలా పెట్టి మరచిపోయి సెల్ఫ్ కొట్టాను. మీటరు ఫ్యూజు ఎగిరిపోయింది. మర్నాడు కొత్త ఫ్యూజుతో: తాళంచెవి తీసేసి, తలుపులు మూసి, 180 మిల్లీఆంపియర్లు. 50 లోపుండాలి. రోజుకి నాలుగు ఆంపియర్ అవర్లు పైగా పోతున్నట్టు, నాది 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, వారానికి సెల్ఫ్ మొరాయించడంలో వింతేముంది? ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే ఆంప్లిఫయరు దగ్గర దొరికింది. దాన్ని నిద్రలేపే సన్న వైరుని కీతో పనిలేకుండా నేరుగా బ్యాటరీకే కలిపేశారు. వైరు తీసేస్తే 20. ఆంప్లిఫయరే తీసేశాను. టాపు లేని కార్లో పాట ఎవడికి వినిపిస్తుంది?

ఆగస్టు 31. చింతపల్లి బీచి దాకా వెళ్లి వచ్చాం, వచ్చేటప్పుడు భోగాపురం దగ్గర టీకి ఆగాం. ఆగింది టీకే. రెండు బల్బులూ ఇంకా డాష్‌బోర్డు మీదే ఉన్నాయి. పీకేయమని మా ఆవిడ, ఉండనీ అని నేను.

రాత్రి తిరిగొస్తుంటే ఎత్తు బ్రిడ్జి దిగే కుదుపుకి ఎడమ హెడ్‌లైటు ఒక్కసారి రెప్ప వేసింది. ఇంటికొచ్చి గుద్ది చూశాను, కదిపి చూశాను, వేయలేదు. నోటుబుక్కులో కొత్త పేజీ: ఎడమ హెడ్‌లైటు, రాత్రి 8.40, వాన లేదు, కుదుపు, ఒక్కసారి.