బిగిసినంత మాత్రాన బొమ్మ రాదు

నా ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టును కొత్త మానిటర్ వెనకనున్న డిస్‌ప్లేపోర్టుకు కలపడానికి ఒక కేబుల్ కొన్నాను. రెండు కొసలూ చక్కగా బిగిశాయి గాని, తెర మీద 'నో సిగ్నల్' అన్న మాట తప్ప మరేమీ కనిపించలేదు. కేబుల్ నాసిరకందని ఒక సాయంత్రమంతా తిట్టుకున్నాక, తప్పు దానిది కాదని, నేనే దాన్ని తిరగేసి వాడానని తెలిసింది.

ఇలాంటి కేబుళ్లు చాలావరకు డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐ వైపే పనిచేస్తాయి. డిస్‌ప్లేపోర్టు బొమ్మను ప్యాకెట్లుగా పంపుతుంది, హెచ్‌డీఎంఐ పద్ధతి వేరు. అయితే కంప్యూటర్‌కున్న డిస్‌ప్లేపోర్టు దగ్గర రెండు ప్లస్ గుర్తులతో 'డీపీ' (డిస్‌ప్లేపోర్టుకు పొట్టి పేరు) అని ఉంటే, తగిలించిన అడాప్టర్‌ను కంప్యూటరే గుర్తించి హెచ్‌డీఎంఐ తరహా సిగ్నల్ పంపుతుంది గనుక, వోల్టేజీ స్థాయిని సరిచేసే చిన్న అడాప్టర్ సరిపోతుంది. హెచ్‌డీఎంఐ పోర్టుకు అలా వేషం మార్చే విద్య లేదు. అందుకే ఎదురు దిశలో సిగ్నల్‌ను నిజంగా మార్చే చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కావాలి. చివరకు నేను తెచ్చుకున్న దానికి కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక కూడా ఉంది.

పాత తరహా వీడియో పోర్టు అయిన డీవీఐకి, హెచ్‌డీఎంఐకి మధ్య ఈ పేచీ లేదు. రెండింటిలోనూ డిజిటల్ బొమ్మ ప్రయాణించే తీరు ఒకటే కావడంతో, పిన్నుల అమరిక మార్చే ముక్క ఒకటి చాలు. 1987లో వచ్చిన వీజీఏ అనే పోర్టు మాత్రం పూర్తిగా అనలాగ్, అంటే బొమ్మను అంకెలుగా కాక ఎడతెగక మారే వోల్టేజీగా పంపేది కాబట్టి, హెచ్‌డీఎంఐ నుంచి దానికి వెళ్లాలంటే మార్పిడి చిప్ తప్పనిసరి.

డీవీఐ పోర్టును ఒకసారి దగ్గరగా చూడండి. ఒక పక్కన అడ్డంగా ఒక సన్నని చీలిక ఉంటుంది. దాని పైన రెండు, కింద రెండు చిల్లులుంటే అది డీవీఐ-ఐ, అంటే అనలాగ్ సిగ్నల్ కూడా అందులో ఉన్నట్లే. అలాంటప్పుడు మామూలు వీజీఏ అడాప్టర్ పనిచేస్తుంది. ఆ నాలుగూ లేకపోతే అది డీవీఐ-డి, దానిలో ఆ అడాప్టర్ అసలు దూరదు. అడ్డొచ్చిన నాలుగు పిన్నులనూ పట్టకారుతో విరిచేసి దూర్చేవారు కూడా లేకపోలేదు. కాని వీజీఏకు కావలసిన బొమ్మ వచ్చేది ఆ పిన్నుల గుండానే కాబట్టి, అలా దూర్చినా తెర మీద ఏమీ రాదు.