ఇండియన్ అనే మాట

కెనడాలోని సాస్కటూన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాను. మొన్న భోజనాల గదిలో, నాతో డ్యూటీ చేసే క్రీ ఆవిడతో (క్రీలు ఇక్కడి ఆదివాసులు) మాటల్లో పడి "చిన్నప్పుడు మా పాఠాల్లో మీ గురించి చదివాం, రెడ్ ఇండియన్లని" అన్నాను. అభిమానంగానే అన్నాను. బల్ల దగ్గరున్న నలుగురూ తినడం ఆపేశారు. ఆవిడ కోప్పడలేదు. "ఇండియన్‌వి నువ్వు, నేను కాదు. ఇక ఆ ఎరుపు నా ఒంటి మీద ఎక్కడుందో చూపించు" అంది.

ఆ పూటంతా మనసు మనసులో లేదు. 1492లో కొలంబస్ మన వైపు దేశాలు, అంటే ఇండీస్, చేరాననుకుని పెట్టిన పేరుకి నేనెందుకు తలదించుకోవాలి? మనకది తిట్టు కాదు కదా! ఇక్కడి చట్టమే 1876 నుంచి ఇండియన్ యాక్ట్, నేటికీ అదే పేరు. ఆవిడ పర్సులోని గుర్తింపు కార్డు మీదా ఇండియన్ అనే ఉంటుంది. మా ఆశ్రమంలో ఒక క్రీ పెద్దాయన అయితే "నువ్వూ ఇండియన్‌వే, నేనూ ఇండియన్నే" అని నా చెయ్యి పట్టుకుని నవ్వుతారు. ఆయన అంటే లేని తప్పు నాకెందుకు? మన ఊళ్ళో ఇంత చిన్న మాటకి ఎవరూ నిలదీయరు అనుకున్నాను.

రెండ్రోజుల టెన్షన్ తర్వాత ఆవిడనే అడిగాను. ఓపిగ్గా చెప్పింది. ఎవరు ఇండియనో ఎవరు కాదో ఆ చట్టమే తేల్చేదట. వాళ్ళమ్మ బయటి మనిషిని పెళ్ళాడితే ఆ గుర్తింపు తీసేశారు. 1985లో చట్టం మారాక గానీ తిరిగి రాలేదు. "ఆ పెద్దాయన జీవితమంతా ఆ మాటను మోశారు, వాడుకోవడం ఆయన ఇష్టం" అంది.

మరి ఏమని పిలవాలి? 1982 రాజ్యాంగంలో ఉన్న మాట అబొరిజినల్. జూన్ 21న జరిపే పండగకి 1996లో ఆ పేరే పెట్టి, 2017లో ఇండిజినస్ అని మార్చారు. ఫస్ట్ నేషన్స్ అంటే క్రీల్లాంటి వాళ్ళు, అందులో ఉత్తరాది మంచు ప్రాంతాల ఇనుయిట్లు, మిశ్రమ సంతతి వాళ్ళయిన మేటీలు రారు. ఇనుయిట్లకి మనం పాఠాల్లో చదివిన ఎస్కిమో అనే పేరునైతే ఎడ్మంటన్ ఫుట్‌బాల్ జట్టు కూడా 2020లో వదిలేసింది. నేను తికమక పడుతుంటే ఆవిడ కాగితం మీద ఒక్క మాట రాసిచ్చింది: నేహియౌ. క్రీలు తమ భాషలో తమని పిలుచుకునే పేరు.

మాది భద్రాచలం దగ్గర. సంత రోజున మా ఇంటికి చింతపండు తెచ్చేవాళ్ళని కోయోళ్ళు అనేవాళ్ళం. వాళ్ళకి అరుగు మీదే మంచినీళ్ళు. మేం తెలివితక్కువ పని చేస్తే "కోయోడిలా ఏంట్రా" అని తిట్లు. వాళ్ళు తమని కోయితూర్ అని చెప్పుకుంటారని ఈ దేశం వచ్చాకే చదివాను. నిలదీయడానికి వాళ్ళకి మా ఇంట్లో కూర్చునే చోటే లేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి, అన్నేళ్ళు చింతపండు తెచ్చినాయన పేరేంటని అడిగాను.

"పేరా? ఏమోరా, కోయాయన అనేవాళ్ళం" అంది.