అవ్వకు ఏం చెప్తావు?

మా అమ్మ అనంతపురంలో ఉంటుంది, మేం డాలస్ దగ్గర. రెండేళ్లకోసారి జూన్‌లో పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్తాను. ఇల్లు చేరిన మొదటి గంట ఎప్పుడూ ఒకేలా గడిచేది. అమ్మ వాళ్లను దగ్గరికి లాక్కుని "దారిలో ఏం తిన్యారు నాయనా?" అని అడిగేది. మావాడు ఒకసారి నా మొహం చూసి, "బాగుంది అవ్వా" అనేవాడు. పాపం, వాడికి తెలుగు వచ్చు. చెప్పడానికే ఏమీ లేదు. విమానంలో రేకు డబ్బాలో పెట్టిన పాస్తా గురించి అవ్వతో ఏం మాట్లాడతాడు?

బెంగళూరులో దిగాక మా చేతిలో ఉండే నాలుగైదు గంటల గురించి నేను ఇంత ఆలోచించడానికి కారణం అదే. మొదటిసారి పిల్లల కడుపు పాడవుతుందేమోనన్న భయంతో ఒక పెద్ద హోటల్లో బఫేకి తీసుకెళ్లాను. వాళ్లు కార్న్‌ఫ్లేక్స్ తిని కుర్చీల్లోనే నిద్రపోయారు. ఆ హోటల్ ఎలా ఉంటుందో ఇప్పుడు నాకే గుర్తు లేదు. రెండోసారి పేరున్న మూడు హోటళ్లు ఒకే పొద్దున చూపించాలని పట్టుబట్టాను. ట్రాఫిక్‌లో తిరిగి తిరిగి, చివరికి చిక్కబళ్లాపురం దగ్గర పాప కారులో వాంతి చేసుకుంది. తప్పు నాదే. ఆ రోజే ఒక మాట అనుకున్నాను: ఒక ఊరికి ఒక్క హోటలే, అదీ పిల్లలు అవ్వకు చెప్పుకోగలిగేదై ఉండాలి.

కిందటిసారి దోహాలో విమానం మారే ముందు చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు ఒక్కో హోటల్ కథా చెప్పి, ఎక్కడికి పోదామో మీరే తేల్చుకోండి అన్నాను. లాల్‌బాగ్ రోడ్డులోని ఎంటీఆర్ 1924 నుంచి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క, రవ్వతో ఇడ్లీ చేసి చూశారని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని వాళ్లు చెప్తారు. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో దొరికేవి నాలుగైదు రకాలే. ఇడ్లీకి సాంబారు అడిగినా ఉండదు, చట్నీ మాత్రమే పోస్తారు. మల్లేశ్వరంలో సీటీఆర్ ఉంది, అక్కడ బెణ్ణె దోసె తినాలి. "బెణ్ణె అంటే?" అంది పాప. "మన వెన్నే" అన్నాను. గాంధీ బజార్లోని విద్యార్థి భవన్‌ను 1943లో చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం పెట్టారు, అందుకే ఆ పేరు. అక్కడ సర్వర్లు దోసె ప్లేట్లు చేతి మీద భుజం దాకా పేర్చుకుని తెస్తారని చెప్పగానే మావాడు లేచి నిలబడ్డాడు.

పాపకు ఎంటీఆర్ కథ నచ్చింది. కానీ మేం దిగేది సోమవారం, ఆ రోజు దానికి సెలవు. విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు. మొదట ఇలాంటివి చూసుకోవాలి. పిల్లల్లో ఆశ పెంచి మూసిన తలుపు ముందు నిలబెడితే ఆ నిరాశ ఊరు చేరేదాకా పోదు.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన తమ్ముడు ఒప్పుకోలేదు. "ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో ఉంది కదక్కా, మన దారిలోనే. నేరుగా పోతే టిఫిన్ టైముకు ఇంట్లో ఉంటాం. మళ్లీ వెనక్కి ఊర్లోకి ఎందుకు?" అన్నాడు. వాడన్నది నిజమే. కర్నూలు వాళ్లకు శంషాబాద్‌తోనూ ఇదే చిక్కు. విమానాశ్రయం మనవైపే ఉంటుంది కాబట్టి ఊరు ముఖం చూడకుండానే హైవే ఎక్కేస్తాం. కర్నూలు స్నేహితురాలు ఒకామె మాత్రం ప్రతిసారీ చార్మినార్ దాకా వెనక్కి వెళ్లి, పిల్లలకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ పెట్టించాకే బయలుదేరుతుంది. నాకు ధైర్యం వచ్చింది ఆమెను చూసే.

ఇంకో విషయం. బెంగళూరులో ఉదయం 7 గంటలంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లల ఒంటికి అది రాత్రి భోజనం వేళ, మంచి ఆకలి మీద ఉంటారు. ఆ పూట పెనం మీంచి నేరుగా వచ్చేదే తినిపిస్తాను, నీళ్లు మాత్రం మా సీసాలవే. సామాను దగ్గర డ్రైవర్ ఉంటాడు.

ఆరున్నరకు తెరిచే హోటల్ ముందు అప్పటికే జనం. మావాడు తలెత్తి బోర్డు చూస్తున్నాడు. డాలస్‌లో ప్రతి ఆదివారం తెలుగు బడికి వెళ్తాడు. "అమ్మా, ఇది తెలుగే!" అన్నాడు. కన్నడం అని చెప్పినా వినకుండా వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. "వి... ద్యా... థి" దగ్గర ఆగాడు. థి పక్కన చిన్న కొక్కెంలా ఉన్నది ఏమిటో వాడికి తెలియలేదు. అక్కడ 'ర' పలకాలని చెప్పాను, దాని పేరేమిటో నాకూ గుర్తు రాలేదు. "భ, వ, న" మాత్రం ఎవరి సాయమూ లేకుండా చదివేశాడు. వాడి మొహంలో అంత వెలుగు తెలుగు బడి పరీక్షల్లో ఎన్నడూ చూడలేదు.

లోపల తెలియనివాళ్లతో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. గోడల మీద కన్నడ రచయితల బొమ్మలు. తెల్ల చొక్కా, పంచె కట్టిన సర్వర్ వచ్చాడు. ఎడమచేయి మణికట్టు నుంచి పైకి ప్లేటు మీద ప్లేటు, ప్రతి దాంట్లో మడిచిన దోసె, పొగలు. కుడిచేత్తో ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతుంటే మిగతావి కదలనైనా కదల్లేదు. మావాడు తొమ్మిది దాకా లెక్కపెట్టాడు. పదోది వాడి ముందుకే వచ్చింది. పైన కరకర, లోపల మెత్తన, అంచుల్లో నెయ్యి. పాప మాట్లాడకుండా రెండు తినేసింది.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన మావాడిని చూసి నవ్వి, "యావ ఊరు?" అన్నాడు. నేను చెప్పబోయేంతలో వాడే "అనంతపురం" అన్నాడు. ఊరు అన్న మాట ఒక్కటే వాడికి తెలిసి ఉంటుంది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. తమ్ముడు నావైపు చూశాడు, ఇంటిదాకా మళ్లీ ఆలస్యం మాట ఎత్తలేదు.

అనంతపురం చేరేసరికి మధ్యాహ్నం. అమ్మ ఎప్పటిలాగే అడిగింది. ఈసారి మావాడు నా మొహం చూడలేదు. చెంచాలు పెట్టే స్టీలు ప్లేట్లన్నీ తెచ్చుకుని చేతి మీద పేర్చుకోబోయాడు, రెండు కింద పడ్డాయి. మాట దొరకని చోట చేతులతో చూపించాడు. "అవ్వా, బోర్డు మీద థి పక్కన ఇట్లా ఉండె" అని గాలిలో గీశాడు. తమ్ముడి మాట తీరు అప్పుడే వచ్చేసింది వాడికి.

అమ్మ టీచరుగా చేసి రిటైరైంది. "అదా, వలపలగిలక రా. వలపల అంటే కుడిపక్క. మనమూ రాసేవాళ్లం ఒకప్పుడు" అంటూ బీరువాలోంచి వాళ్ల నాయన చదివిన పాత పద్యాల పుస్తకం తీసింది. అట్ట ఊడి, కాగితాలు పసుపురంగుకు తిరిగాయి. ఇద్దరూ చాప మీద బోర్లా పడుకుని ఒక్కో పేజీలో ఆ కొక్కెం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. సంగటి చల్లారిపోతోందని నేను రెండుసార్లు పిలిచినా లేవలేదు.