ఫ్లైఓవర్ పైనా, పక్కనా?

ఆఫీసు పని మీద కొత్త ఊరు వెళ్తే జీపీఎస్ లేకుండా నాకు అడుగు పడదు. కానీ ఫ్లైఓవర్ రాగానే టెన్షన్ మొదలు. పైకెక్కాలా, పక్క రోడ్డులోనే పోవాలా? ఫోన్‌లో రెండూ ఒకే గీతలా కనిపిస్తాయి. నీలం చుక్క కాసేపు అటూ ఇటూ ఊగి, తీరా మనం ఎక్కేశాక ‘దారి మార్చుతున్నాం’ అంటుంది! పాపం, దాన్నీ అనలేం. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ అందితేనే మనమెక్కడున్నామో తేలేది, అదీ కొన్ని మీటర్ల తేడాతో. పెద్ద బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకి తగిలొస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అన్నట్టు, నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపే లోడవదు. అందుకే బయల్దేరే ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుంటా. మీటింగ్ ఉంటే మాత్రం, గేటు ఎటువైపో క్లయింట్‌నే అడిగేస్తా.