లక్నవరం ఆయకట్టు నుంచి తాడ్వాయి దాకా: రాత్రి పురుగుల రికార్డు

రాత్రి పురుగుల కోసం ఊరు కదలాలంటే ముందు పంచాంగం చూడాలి. వెన్నెల ఉన్న రాత్రుల్లో దీపానికి వచ్చే మాత్‌లు (సీతాకోకచిలుకల్లాంటి రాత్రి రెక్కల పురుగులు) బాగా తగ్గిపోతాయి. మబ్బు పట్టి, ఆకు కదలక, ఒళ్లంతా జిగటగా ఉండే చీకటి రాత్రే మంచి రాత్రి. పెత్రమాసకు (భాద్రపద అమావాస్యకు) ముందు రోజులు మా దిక్కు చాలాసార్లు అలాగే ఉంటాయి. వానలు తగ్గుముఖం పట్టినా అడవి పచ్చగానే ఉంటుంది, టేకు ఆకు ముదిరి ఉంటుంది, వరి ఏపుగా పెరిగి ఉంటుంది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా వెళ్లే ఈ ప్రయాణానికి రెండు మజిలీలు పెట్టుకున్నాం. ఒకటి లక్నవరం చెరువు కింద బుస్సాపూర్ దగ్గర వరి పొలాల అంచు, రెండోది తాడ్వాయి అడవి అంచు. చీకట్లో తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు దీపం వెలిగించి, వాలిన పురుగులను రాసుకోవడం మా పద్ధతి. రెండు చోట్లా అదే దీపం, అదే దుప్పటి, అవే వేళలు. మిగతావన్నీ ఒకటిగా ఉంచితేనే రెండు చోట్ల పురుగుల్లో ఉన్న తేడా బయటపడుతుంది. ఒక ప్రాంతపు జాబితాకు ప్రాణం ఈ పోలికే అని నా నమ్మకం. అరుదైన పురుగు ఫొటో దొరికితే సంతోషమే, కానీ దాని విలువ ఆ తర్వాతే.

ములుగు దాటాక రోడ్డు పక్కన గునుగు గుంపులుగా పూసి ఉంది. బతుకమ్మకు కోసేవాళ్లకు పువ్వు కావాలి, మాకు ఆకు కావాలి. సన్నని దారాలతో ముడుచుకున్న ఆకు విప్పితే లోపల పచ్చటి చిన్న లద్దె పురుగు ఉంటుంది. కొమ్మ కదిలిస్తే ముదురు గోధుమ రెక్కల మీద అడ్డంగా తెల్ల పట్టీ ఉన్న చిన్న మాత్ లేచి, కొద్ది దూరంలోనే మళ్లీ వాలుతుంది. అది స్పోలాడియా రికర్వాలిస్. తోటకూర కుటుంబపు మొక్కలు దాని ముఖ్యమైన తిండి, గునుగూ ఆ కుటుంబమే. పగలు దొరికే ఇలాంటి రికార్డులో పురుగుతో పాటు అది తినే మొక్క కూడా నమోదవుతుంది. దీపానికి వచ్చిన మాత్ ఏ చెట్టు మీద పెరిగిందో దుప్పటి చెప్పలేదు.

బుస్సాపూర్‌లో వెలుతురు ఉండగానే చోటు చూసుకున్నాం. వీధి దీపం, మోటరు కాడి బల్బు కనపడని చోటు కావాలి. దుప్పటి ముందు కొంత ఖాళీ ఉండాలి, వెనక పొదలు గానీ చెట్లు గానీ ఉంటే గాలి ఆగుతుంది. పొలం ఆయన మొదటే అడగాల్సిన మాట అడిగాడు.

"సార్, మీ లైటుకు ఉన్న పురుగంత మా వరి మీదికే వస్తదేమో?"

"మడి పక్కన పెడితే వస్తది అన్నా. అందుకే గట్టు మీద పెడ్తలేం, ఆ బీడు కాడ పెడ్తున్నం."

ఆయన భయం నిజమైనదే. దీపం వైపు వచ్చిన తల్లి పురుగులన్నీ దుప్పటి దాకా రావు. కొన్ని పక్కనున్న మొక్కల మీదే ఆగిపోతాయి, అక్కడే గుడ్లు పెట్టగలవు. పైరుకు కనీసం యాభై అడుగులు ఎడంగా, దుప్పటి ముఖం బీడు వైపు తిప్పి కట్టాలి.

దుప్పటి తెల్లటి నూలుదే ఉండాలి, ఆరడుగుల పొడవు, నాలుగైదడుగుల ఎత్తు చాలు. పాలిస్టర్ మీద చిన్న మాత్‌ల కాళ్లకు పట్టు దొరకదు, జారి పడతాయి. రెండు గుంజల మధ్య తాడు బిగించి, దుప్పటి కింది అంచును మరో రెండడుగులు నేల మీద పరచాలి. కొన్ని పురుగులు నేరుగా దుప్పటి మీద వాలవు, కింద పడి నడిచి వస్తాయి. ఆ పరుపు లేకపోతే గడ్డిలో మన కాళ్ల కిందే నలిగిపోతాయి.

వెలుగుకు 160 వాట్ల పాదరసం బల్బు వాడాం. చోక్ అవసరం లేని రకం అది. దుప్పటికి జానెడు దూరంలో వేలాడదీయాలి. దానితో మూడు చిక్కులున్నాయి. వేడెక్కిన గాజు మీద వాన చినుకు పడితే పగులుతుంది, కాబట్టి పైన రేకు గొడుగు కట్టాలి. వోల్టేజీ పడిపోయి ఒకసారి ఆరితే చల్లబడేదాకా మళ్లీ వెలగదు. బయటి గాజు పగిలినా లోపలి గొట్టం వెలుగుతూనే ఉండొచ్చు, అప్పుడు బయటికొచ్చే అతినీల కిరణాలు కళ్లను, చర్మాన్ని కాలుస్తాయి. పగిలిన క్షణమే స్విచ్ తీసేయాలి. చిన్న జనరేటర్ అయితే పొడవాటి వైరు వేసి, దుప్పటి నుంచి గాలి వెళ్లే వైపు దూరంగా పెట్టాలి. పొగ దుప్పటి మీదికి వస్తే పురుగులు నిలవవు. కరెంటు లేని చోటికి 8 వాట్ల అతినీల ట్యూబు, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ సులువు. లెక్క ప్రకారం పది గంటలు రావాలి కానీ, బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది. నాలుగైదు గంటలకే ఆపడం మంచిది.

చీకటి పడగానే దీపం వెలిగించి, అరగంటకోసారి రాయడం మొదలుపెట్టాం. వేళ, ఉష్ణోగ్రత, తేమ, మబ్బు, గాలి, ఆ తర్వాత పురుగులు. ఏమీ కొత్తగా రాని అరగంట కూడా పుస్తకంలో ఉండాలి. లేకపోతే పురుగు రాలేదో, మనిషి చూడలేదో తర్వాత ఎవరికీ తెలియదు.

మొదటి రెండు గంటలు వరి పురుగులవే. కాండం తొలిచే పురుగు ఆడది లేత పసుపు, ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్ల చుక్క ఉంటుంది. మగది చిన్నది, మాసిన గోధుమ రంగు, చుక్క మసకగా ఉంటుంది. రెండూ వేర్వేరు జాతులని జాబితాలో చేరిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. ఆకుముడత పురుగు పసుపు రెక్కల మీద నల్లటి అడ్డగీతలతో కనపడుతుంది. పచ్చదోమ, సుడిదోమ దుప్పటి కింది భాగంలో ఎక్కువ. చెరువు దగ్గర కాబట్టి పెద్ద నీటి నల్లి కూడా వస్తుంది. దాన్ని చేత్తో పట్టుకోకూడదు, కుట్టు గట్టిగా ఉంటుంది. వీటిని పంటల పురుగులే కదా అని వదిలేసే అలవాటు ఫొటోలు తీసేవాళ్లలో ఉంది. ఏ వారం ఎన్ని వచ్చాయో రాసి పెడితే ఆ ఊరి రైతుకు ముందుగా పనికొచ్చేవి ఇవే.

జాగ్రత్త పడాల్సింది మరొకటి ఉంది. సన్నగా, చీమలా నడిచే, నలుపు నారింజ పట్టీల పీడెరస్ పురుగు. అది కుట్టదు. మెడ మీద పాకుతుంటే అలవాటుగా నలిపేస్తాం, దాని ఒంటిలోని రసం చర్మానికి తగిలి ఒకటి రెండు రోజుల్లో మంట, పొక్కులు లేస్తాయి. ఊది పంపేయాలి, తగిలిన చోట సబ్బుతో కడగాలి. నిండు చేతుల చొక్కా, మెడకు తువ్వాల తప్పవు. దోమల మందు అరచేతులకు రాసుకోకూడదు, ఆ చేత్తో ముట్టుకుంటే చిన్న మాత్‌లు బతకవు.

మరునాడు పస్రా మీదుగా తాడ్వాయి. ఇది ఏటూరునాగారం అభయారణ్యం ప్రాంతం కాబట్టి రాత్రి దీపం పెట్టడానికి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పురుగును పట్టి తీసుకుపోవడానికి వేరే అనుమతి కావాలి. మేము ఫొటోలతోనే సరిపెట్టుకుంటాం. 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. నీడ పోయి ఎండ పడిన చోట గడ్డి, తీగలు మారతాయి, వాటిని తినే పురుగులూ మారతాయి. ఆ మార్పు చెప్పాలంటే అంతకు ముందటి జాబితా చేతిలో ఉండాలి. అడవికి ఏదైనా జరిగాక మొదలుపెట్టే జాబితాతో ఆ లోటు తీరదు.

పగలు టేకు చెట్ల కింద తిరిగాం. ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా అయిన ఆకులు కనిపిస్తే అది యూటెక్టోనా మాకెరాలిస్ అనే మాత్ లద్దె పురుగు పని. తొలకరిలో లేత ఆకును నడి ఈనె దాకా తినేసేది హైబ్లియా ప్యూరా అనే మరో మాత్ లద్దె పురుగు. రాత్రి దుప్పటి మీద మొదటిది పసుపు రెక్కలు, ఎర్రటి వంకర గీతలతో సులువుగా తెలుస్తుంది. రెండోది రెక్కలు ముడిస్తే ఎండుటాకు ముక్కలా ఉంటుంది. దాని గుర్తు వెనక రెక్కల మీద ఉన్న నలుపు, నారింజ రంగులు. పుల్లతో మెల్లగా కదిలిస్తే రెక్క కాస్త జరుగుతుంది, ఆ క్షణంలో ఫొటో తీయాలి.

అడవి అంచున తీరు వేరు. మొదటి గంటల్లో రెక్కలు చదునుగా పరిచి దుప్పటికి అతుక్కునే జియోమెట్రిడ్‌లు (ఒక మాత్ కుటుంబం), టీ అక్షరం ఆకారంలో నిలిచే ఈక రెక్కల మాత్‌లు. అర్ధరాత్రి దాటాక పెద్దవి. గుంపెన చెట్టు మీద పెరగగల, పొడవాటి తోకల లేతాకుపచ్చ ఆక్టియాస్ సెలీన్, నల్లమద్ది మీద పెరిగే దసలి పట్టు మాత్. పది గంటలకే దీపం తీసేసేవాళ్ల జాబితాల్లో ఈ పెద్దవి తక్కువగా కనపడటానికి కారణం ఇదే. మహదేవపూర్, చెన్నూరు వైపు దసలి పట్టుకాయలు పండించే కుటుంబాలకు ఈ పురుగు బాగా తెలుసు. ఆడది పెద్దది, పసుపు ఛాయ. మగది చిన్నది, ఇటుక రంగు. రెండిటి రెక్కల మీదా కన్నులాంటి అద్దపు మచ్చలుంటాయి. రెక్కలొచ్చాక ఇది ఏమీ తినదు, తినే నోరు ఉండదు. దీపం చుట్టూ తిరిగి అలసిపోతే ఆ కొద్ది రోజుల ఆయుష్షు వృథా అవుతుంది కనుక, ఫొటో అయిన వెంటనే అన్నిటికంటే ముందు వీటినే చీకట్లోని కొమ్మ మీద వదలాలి.

ఫొటో విషయంలో తరచూ వచ్చే తేడా తెల్ల దుప్పటి వల్ల. కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గిస్తుంది, మాత్ నల్లగా పడుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పైకి జరపాలి. ఒక్కో పురుగుకు నిటారుగా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మీసాలు, మూతి కనపడేలా ఒకటి తీయాలి, పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టాలి. కొలవాల్సింది ముందు రెక్క మొదలు నుంచి కొస దాకా. రెక్కలు ఎంత చాచిందనే దాన్ని బట్టి మారే కొలత నమ్మదగింది కాదు.

పేరు పెట్టే దగ్గర తొందర పనికిరాదు. ఫొటో చూసి పేరు సూచించే ఐనాచురలిస్ట్ యాప్ చూపే మొదటి పేరు ఒక్కోసారి మన దేశంలోనే లేని పురుగుది, ముందుగా దాని వ్యాప్తి పటం చూడాలి. భారత మాత్‌ల మీద హ్యాంప్సన్ రాసిన నాలుగు సంపుటాలు (1892–1896) వర్ణనలకు ఇప్పటికీ ఉపయోగమే, కానీ అందులోని పేర్లు చాలా మారాయి, కొత్త పేరు మాత్స్ ఆఫ్ ఇండియా సైట్‌లో సరిచూసుకోవాలి. బూడిద రంగు జియోమెట్రిడ్‌లలో చాలావాటిని జననాంగాలు పరిశీలించకుండా జాతి స్థాయికి తేల్చలేం. వాటికి ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) పేరు దగ్గరే ఆగాలి. తప్పు జాతి పేరు కంటే సరైన ప్రజాతి పేరు రికార్డుకు మేలు చేస్తుంది.

తెల్లవారుజామున వెలుతురు రాకముందే దీపం ఆర్పి దుప్పటిని పొదల మీద మెల్లగా దులిపాం. ఆలస్యమైతే ఏట్రింతలు, గోరింకలు వరసగా వచ్చి తింటాయి. దుప్పటి మీద ఉదయమంతా మాత్‌లు ఉండిపోతే ఆ చోటు పిట్టలు గుర్తుపెట్టుకుంటాయి, మరుసటి రాత్రి తర్వాత మళ్లీ అక్కడికే వస్తాయి. కాబట్టి అదే చోట దీపం పెట్టాల్సి వస్తే రెండు రాత్రుల మధ్య వ్యవధి ఇవ్వాలి. మిగిలిన పీడెరస్‌లు, నీటి నల్లులు దుప్పటి మడతల్లో ఉంటాయి, మడిచేముందు మళ్లీ ఒకసారి విదిలించాలి.

ఈ రెండు చోట్లకూ మళ్లీ వెళ్లాల్సింది వచ్చే అమావాస్యకు, అంటే దీపావళికి. పండుగ రోజు ఊళ్ల వెలుగు, పటాకుల పొగ లెక్కను చెడగొడతాయి కాబట్టి మూడు నాలుగు రోజుల ముందే వెళ్లాలి. అప్పటికి బుస్సాపూర్‌లో వరి కంకి దశకు వస్తుంది. కాండం తొలిచే పురుగు ఈసారి రాసుకున్న లెక్కకు తగ్గట్టు తెల్లకంకులు (ఆ పురుగు తొలిచి గింజ పట్టని కంకులు) కనపడుతున్నాయా లేదా అన్నది పొలంలో దిగి లెక్కపెట్టాలి. తాడ్వాయిలో టేకు ఆకు రాలకముందే జల్లెడ ఆకుల చెట్లకు గుర్తులు కట్టి, అవే చెట్లను మళ్లీ చూడాలి.